ఉత్తరీయం మాటున మాధవి

ఉంగుటూరు మామిడితోటలు వదిలి దక్షిణంగా గుడివాడ, పామర్రు దాటితే మొవ్వ మండలంలో కూచిపూడి వస్తుంది. తెలుగు రంగస్థలం మీద మారువేషంతో నవ్వించడం ఎలా కుదురుకుందో తెలుసుకోవాలంటే ఈ ఊరి నుంచే మొదలుపెట్టాలి.

సిద్ధేంద్రయోగి పేరు మీద నిలిచిన భామాకలాపం అక్కడి భాగవతులకు ప్రాణం. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది వాళ్ల ఆనవాయితీ. ఆడవాళ్లు రంగమెక్కని రోజులవి. మేళంలో మనుషులు కొద్దిమందే. అందరికన్నా ఎక్కువసేపు ప్రేక్షకుల ముందు నిలబడేది సూత్రధారుడు కనుక మిగతా పనులూ అతని మీదే పడ్డాయి. ఉత్తరీయాన్ని పైటలా తల మీదికి లాక్కుంటే అతను సత్యభామ చెలికత్తె మాధవి. తీసి భుజాన వేసుకుంటే కృష్ణుడి చెలికాడు మాధవుడు. ఈ మార్పుకి తెర అక్కర్లేదు, చాటు అక్కర్లేదు. అంతా మన కళ్లెదుటే జరిగిపోతుంది.

ఆ మాధవి చేసే అల్లరి చూడాలి. విరహంతో వేగిపోతున్న సత్యభామను పట్టుకుని, ‘మీ ఆయన పేరేమిటమ్మా’ అంటుంది. మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా! భామ సిగ్గుతో మెలికలు తిరుగుతుంది, సైగలు చేస్తుంది, చుట్టూ తిప్పి చెబుతుంది. మాధవికి అన్నీ అర్థమవుతాయి, ఒక్కటీ అర్థం కానట్టే ఉంటుంది. తీరా భామ కృష్ణుడికి రాసిన లేఖ పట్టుకెళ్లే వేళకు ముక్కెర ఇస్తేనే కదులుతానంటుంది. వేరే నగలేవైనా తీసుకోమని భామ ఎంత బతిమాలినా వినదు. ఇద్దరూ మగవాళ్లేనని అక్కడ కూర్చున్న ముసలమ్మకూ తెలుసు, పిల్లవాడికీ తెలుసు. తెలిసి నవ్వడంలోనే ఉంది రుచంతా. చూసేవాళ్లకు గుట్టు ముందే విప్పి, పాత్రలకు మాత్రం దాచిపెట్టడమే హాస్యనాటకానికి ఆయువుపట్టని నా నమ్మకం.

ఈ కిటుకుని పూర్తిగా వాడుకున్నవాడు గురజాడ అప్పారావు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ మొదటిసారి ఆడారు. ఆ నాటకం వెనక ఉన్నది నవ్వులాట కాదు. మహారాజా ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలోని బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు లెక్కకొచ్చాయి. పెళ్లికూతుళ్లలో ఏడాది పసిపిల్లలు కూడా ఉన్నారని గురజాడ ముందుమాటలో రాశారు.

ఇంత దుఃఖాన్ని ఎదురుగా పెట్టుకుని ఆయన వేషాన్ని ఆయుధం చేశారు. కథలో ముసలి లుబ్ధావధాన్లకు చిన్నపిల్ల సుబ్బిని పెళ్లి పేరుతో అమ్మకుండా ఆపాలి. ఆ పిల్ల మేనమామ కరటకశాస్త్రి నాటకాల్లో విదూషకుడు. తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, కూతురని చెప్పి, లుబ్ధావధాన్లకే అమ్మేస్తాడు. కుర్రవాళ్లు ఆడవేషాలు కట్టే మన పాత అలవాటు ఇక్కడ కథలోకే దిగింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి పెళ్లికూతుర్ని కొన్న మనిషి కొన్నది మగపిల్లవాణ్ణి. ఆడపిల్లల్ని అమ్మే ఆచారాన్ని ఇంతకన్నా గట్టిగా చెంపదెబ్బ కొట్టిన దృశ్యం మన నాటకాల్లో మరొకటి లేదంటాను.

తరవాత పెళ్లికూతురు మాయమవుతుంది. లుబ్ధావధాన్లు చంపేశాడని కేసు పడుతుంది. 1909లో గురజాడ బాగా పెంచి తిరగరాసిన నాటకంలో ఆ చిక్కుముడి విప్పేది వేశ్య మధురవాణి. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి ఆమె మగవేషంలో వెళుతుంది. మగవాడు ఆడదైనందుకు పుట్టిన ఆపద, ఆడది మగవాడైతే తీరుతుంది. షేక్స్పియర్ నాటకాల్లో రోసలిండ్ కూడా ఇలాగే మగవేషం వేస్తుంది, లండన్లోనూ అప్పట్లో ఆ పాత్ర కట్టింది కుర్రవాళ్లే.

బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు సత్యభామగా ఆంధ్రదేశాన్ని ఊపేసిన నటుడు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మధురవాణి వేషమూ ఆయన కట్టారు. ఆ చివరి రంగంలో ఆయన పని ఎంత కష్టమో ఊహించండి. మగవాడై ఉండి ఆడది కావాలి, ఆ ఆడది మళ్లీ మగవాడు కావాలి. పైన తలపాగా చుట్టుకున్నా లోపల మధురవాణి ఉందని మనకు తెలుస్తుండాలి, ఎదుట కూర్చున్న పంతులుకి మాత్రం తెలియకూడదు.