గిడ్డంగుల్లో ర్యాకులు, మెజనైన్ వేదికలు: ఎత్తు కంటే ముందు తేల్చాల్సింది బరువు

వస్తు, సేవల పన్ను 2017 జులై 1న అమల్లోకి వచ్చిన తర్వాత, పన్ను అవసరాల కోసం రాష్ట్రానికొక చిన్న గోదాము నిర్వహించాల్సిన అగత్యం కంపెనీలకు తగ్గింది. ముంబయి సమీపంలోని భివండీ, బెంగళూరు దగ్గరి హోస్కోటే, హైదరాబాద్ శివారులోని మేడ్చల్ వంటి చోట్ల భారీ గిడ్డంగులు విస్తరించాయి. అదే ఏడాది నవంబరులో కేంద్ర ప్రభుత్వం లాజిస్టిక్స్ రంగానికి మౌలిక సదుపాయాల హోదా కల్పించింది. స్థలం ఖరీదవుతున్న కొద్దీ సరుకును నేల మీద పరచడం మాని పైకి పేర్చుతున్నారు. ఉక్కు ర్యాకులు, నేలకూ పైకప్పుకూ నడుమ నిర్మించే మెజనైన్ వేదికలు ఇందుకు ప్రధాన సాధనాలు. అయితే ఎంత ఎత్తు వరకు పేర్చవచ్చనేది ప్రణాళికలో తర్వాతి ప్రశ్న. ఎంత బరువు ఎక్కడ పడుతుందనేదే మొదటి ప్రశ్న.

సరుకును బట్టి ర్యాకు

సరుకు ఏ రూపంలో వస్తుంది, ఒక్కో ప్యాలెట్ గరిష్ఠ బరువు ఎంత, దాన్ని ఎంత తరచుగా తీస్తారు అనే వివరాలను ముందుగా సేకరించాలి. సగటు బరువును కాక, అన్నిటికంటే బరువైన ప్యాలెట్‌ను ప్రాతిపదికగా తీసుకోవాలి.

సెలెక్టివ్ ర్యాకులో ప్రతి ప్యాలెట్‌నూ నేరుగా అందుకోవచ్చు. డ్రైవ్-ఇన్ ర్యాకులో తక్కువ స్థలంలో ఎక్కువ సరుకు పడుతుంది. కానీ అందులో చివర పెట్టినది ముందు బయటకు వస్తుంది కనుక గడువు తేదీ ఉండే మందులకు, ఆహార పదార్థాలకు అది తగదు. వాటికి ముందు వచ్చినది ముందు వెళ్లే ప్యాలెట్ ఫ్లో ర్యాకు అనువైనది. పొడవాటి పైపులకు, కడ్డీలకు ముందువైపు స్తంభాలు అడ్డురాని కాంటిలీవర్ ర్యాకు వాడతారు.

నడవ వెడల్పును యంత్రం నిర్ణయిస్తుంది. సాధారణ కౌంటర్‌బ్యాలెన్స్ ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి సుమారు 3.5 నుంచి 4 మీటర్లు కావాలి. రీచ్ ట్రక్‌కు 3 మీటర్లు లేదా అంతకంటే కొంత తక్కువ చాలు. అందువల్ల ర్యాకులు బిగించాక యంత్రాన్ని ఎంచుకోవడం కాక, రెండింటినీ కలిపి నిర్ణయించాలి.

నేల మోయగలదా?

ఒక చిన్న లెక్క చూద్దాం. ర్యాకులో ఒక్కో గడిలో బీమ్‌ల మీద నాలుగు వరుసలు, వరుసకు రెండు ప్యాలెట్లు, ఒక్కో ప్యాలెట్ 1,000 కిలోలు అనుకుంటే, ఆ గడి మొత్తం బరువు 8,000 కిలోలు. రెండు గడుల మధ్య ఉండే ఫ్రేమ్ ఇరుపక్కల నుంచి సగం చొప్పున మోస్తుంది. అంటే దాని మీద పడేదీ 8,000 కిలోలే. ఆ ఫ్రేమ్‌కు రెండే కాళ్లు. ఒక్కో కాలి కింద అరచేయంత ఉక్కు పలక 4,000 కిలోలను నేలకు చేరవేస్తుంది. రెండు ర్యాకులను వెన్ను కలిపి నిలిపితే, పక్కపక్కనే ఉండే రెండు కాళ్లు కలిసి 8,000 కిలోలు మోపుతాయి. కాంక్రీటు మందం, దాని కింది మట్టి గట్టిదనం ఈ భారానికి చాలతాయో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాలి. భూకంప తీవ్రత ఎక్కువగా ఉండే మండలాల్లో పక్కకు ఊపే బలాన్నీ లెక్కించాలి.

బీమ్ జరిపితే సామర్థ్యం మారుతుంది

ర్యాకు స్తంభం సాధారణంగా నలిగి కాదు, పక్కకు వంగి విఫలమవుతుంది. ఆ వంపును నడుమ నడుమ ఆపేవి బీమ్‌లే. గణితవేత్త లియోన్‌హార్డ్ ఆయిలర్ సూత్రం ప్రకారం, ఆధారం లేని పొడవు రెట్టింపయితే సన్నని స్తంభం మోయగల భారం నాలుగో వంతుకు పడిపోతుంది. నిజమైన ర్యాకుల్లో తగ్గుదల స్తంభం ఆకృతిని బట్టి మారుతుంది, కానీ తగ్గడం మాత్రం ఖాయం. ఎత్తయిన పెట్టెల కోసం ఒక బీమ్‌ను తొలగించి, పాత బరువునే తిరిగి ఎక్కించడం అందుకే ప్రమాదకరం. తయారీదారు కొత్త లెక్క ఇవ్వకుండా బీమ్‌ను కదపరాదు.

ఒక ర్యాకు కూలితే పక్కవి కూడా వరుసగా ఒరిగిపోవచ్చు. 2020 అక్టోబరు 2న బ్రెజిల్‌లోని సావో లూయిస్ నగరంలో ఒక పెద్ద దుకాణంలో ఎత్తయిన ర్యాకులు ఇలాగే కూలి ఒక ఉద్యోగిని ప్రాణాలు కోల్పోయారు.

మెజనైన్ వేదిక

ప్యాకింగ్ పనికి నిర్మించిన వేదికను తర్వాత నిల్వకు వాడుకోవడం తరచుగా జరిగే పొరపాటు. గిడ్డంగి అంతస్తుకు నిల్వ ఎత్తులో ప్రతి మీటరుకూ చదరపు మీటరుకు 2.4 కిలోన్యూటన్ల చొప్పున, మొత్తం మీద 7.5 కిలోన్యూటన్లకు తగ్గకుండా భారం లెక్కించాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతోంది. 7.5 కిలోన్యూటన్లంటే సుమారు 765 కిలోలు. శీతల గిడ్డంగులకు ఈ పరిమితులు రెట్టింపు లేదా అంతకంటే ఎక్కువ: మీటరుకు 5, కనిష్ఠంగా 15 కిలోన్యూటన్లు.

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం మెజనైన్ ఎత్తు కనీసం 2.2 మీటర్లు ఉండాలి. దాని మొత్తం విస్తీర్ణం భవన పునాది వైశాల్యంలో మూడో వంతు దాటరాదు. అనుమతికి స్థానిక సంస్థ నిబంధనలే ఆధారం. వేదిక అంచున రక్షణ కమ్మీలు, వస్తువులు కిందికి జారకుండా అడుగు పట్టీ, ప్యాలెట్ దించే చోట ఎప్పుడూ ఒక వైపు మూసి ఉండే భద్రతా గేటు అవసరం.

అగ్ని, బయటపడే దారి

2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయగూడలోని తుక్కు గోదాములో చెలరేగిన మంటల్లో పై అంతస్తులో నిద్రిస్తున్న 11 మంది బిహార్ కార్మికులు చనిపోయారు. సరుకు పైన మనుషులు ఉండే ఏ నిర్మాణానికైనా ఇది హెచ్చరిక. వేదికకు పరస్పరం దూరంగా కనీసం రెండు మెట్ల దారులు ఉండాలి. ఒక్క దారైనా నిల్వ ప్రాంతం గుండా పోకుండా నేరుగా బయటికి చేరాలి. అక్కడ ఎవరూ నిద్రించరాదు.

పైకప్పు స్ప్రింక్లర్ల నీరు మూసిన వేదిక కిందికి చేరదు కాబట్టి కింద కూడా స్ప్రింక్లర్లు అమర్చాలి. సాధారణ స్ప్రింక్లరుకూ సరుకుకూ మధ్య కనీసం 45 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలి.

తనిఖీ

ఐరోపా ప్రమాణం ఈఎన్ 15635 ప్రకారం వారానికోసారి కంటిచూపు తనిఖీ, ఏడాదికోసారి నిపుణుల తనిఖీ జరగాలి. మీటరు పొడవు స్కేలు ఆనించి చూసినప్పుడు స్తంభం బీమ్ దిశలో 5 మి.మీ., ఫ్రేమ్ దిశలో 3 మి.మీ. కంటే ఎక్కువ వంగి ఉంటే మరమ్మతు తప్పదు. వంపు తీవ్రంగా ఉంటే వెంటనే సరుకు దించాలి.

ప్రతి ర్యాకు వరుస చివర, ప్రతి వేదిక మెట్ల దగ్గర అనుమతించిన గరిష్ఠ బరువును, ర్యాకులైతే బీమ్‌ల మధ్య ఎత్తును కూడా తెలిపే పలక ఉండాలి. అది అక్కడ పనిచేసే కార్మికులకు అర్థమయ్యే భాషలో ఉండాలి.