వాటా, కూలి: 2005 సెప్టెంబర్‌లో రెండు చట్టాలు



మహిళల హక్కుల చరిత్ర చెప్పమంటే మా క్లాసులో పిల్లలు మొదట ఆస్తిహక్కే చెప్తారు. అది మనం గర్వపడే చరిత్రే. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టేసిన 1951లోనే బాబాసాహెబ్ మంత్రిపదవి వదిలేశారు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, కేంద్ర చట్టంగా 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చింది.

కానీ వాటా అడగాలంటే ముందు ఆస్తి ఉండాలి కదా! సెంటు భూమి లేని మాల, మాదిగ ఇళ్లలో ఏం పంచుకోవాలి? మా నాయనమ్మకు వాళ్లమ్మ నుంచి దక్కింది నడుం వంచి నాట్లేసే పని ఒక్కటే. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. అయినా నాట్లు, కలుపు ఆడపని అన్నారు. దున్నడం, మందు కొట్టడం మగపని అన్నారు. పని వేరు కాబట్టి కూలీ వేరన్నారు. చట్టాన్ని దాటడానికి భూస్వామికి ఆ ఒక్కమాట చాలింది.

ఉపాధి హామీ చట్టం కూడా 2005 సెప్టెంబర్‌లోనే వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలైంది. కరువు పనిలో మట్టి కొలతకు ఆడామగా రేటు ఒకటే. మస్టర్‌లో ఆమె పేరు ఆమెదే. మన వాడల ఆడవాళ్ల చరిత్రలో 2005 అంటే ముందు రాయాల్సింది ఈ చట్టం గురించే.

అయితే అందులోనూ వంద రోజుల హామీ ఇచ్చింది మనిషికి కాదు, ఇంటికి. జాబ్ కార్డు ఇచ్చింది ఇంటికొకటి, రేషన్ కార్డు ఇంటికొకటి. పేదరికాన్ని లెక్కగట్టేవాళ్లు కూడా ఇంటి ఖర్చును తలల సంఖ్యతో భాగిస్తారు. అంటే ఇంట్లో అందరూ సమానంగా తింటున్నారని ముందే నమ్మేశారన్నమాట! అందరూ తిన్నాక అడుగున మిగిలిన గంజి తాగే మనిషి ఆ సగటులో కనపడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడింది ఈ ఇంటిలోపలి లెక్క కోసమే. కూలి డబ్బు గడప దాటి లోపలికి రాకపోతే, రికార్డులో ఆ ఇంటి ఆదాయం ఎంతుంటే ఆమెకేంటి?

అందుకే సర్వేకు వెళ్లే విద్యార్థులకు నా మాట ఒకటే. ఇంటి ఆదాయం ఎంత అని అడిగి ఆగిపోకండి. కూలి ఎవరి ఖాతాలో పడుతోంది, డబ్బు ఎవరు తీస్తున్నారు, ఇంట్లో చివరికి ఎవరు తింటున్నారు, ఇవన్నీ అడగండి. ఇంటి దగ్గర ఆగిపోయిన లెక్కను మనిషి దాకా తీసుకెళ్లాల్సింది మనమే.

అసైన్డ్ భూముల పట్టాల్లో ఎవరి పేర్లున్నాయో వచ్చే భాగంలో మాట్లాడుకుందాం.