ఆ చప్పుడు మళ్లీ వచ్చింది

ఏప్రిల్ నెల. డెట్రాయిట్ శివార్లలో ఫ్రీవే మీద మినీవ్యాన్ వేగం 60 మైళ్లు దాటగానే ఆ చప్పుడు మొదలైంది. దూరంగా ఎక్కడో తేనెపట్టు కదిలినట్టు సన్నటి రొద. వేగం పెరిగేకొద్దీ లావెక్కుతోంది. వెనక సీట్లో పిల్లలిద్దరూ పాట విషయంలో కొట్టుకుంటున్నారు. భార్య వాళ్లను "ష్" అని ఆపి చెవి రిక్కించింది.

"ఏమండీ, ఇది నవంబర్లో మార్చిందేగా?"

అతను బదులు చెప్పలేదు. ఫ్రీవే దిగే మలుపులో స్టీరింగు ఎడమకు తిప్పాడు. బండి బరువు కుడి చక్రం మీదికి వాలింది, రొద గొంతెత్తింది. కుడికి తిప్పితే తగ్గింది. ఇక అనుమానమేముంది! కుడివైపు ముందు చక్రం. అయిదు నెలల కిందట థాంక్స్‌గివింగ్ సెలవుల్లో తన గరాజ్‌లో తన చేత్తో వేసిన బేరింగే.

షాపువాళ్లు 600 డాలర్లు అడిగారు, బేరింగు ఖరీదు చూస్తే 70. ఆ తేడా చూసే అప్పుడు పనిలోకి దిగాడు. అయిపోయాక విజయవాడలో ఉన్న నాన్నకు ఫొటో కూడా పంపాడు. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్లకు పైగా బస్సుల చక్రాలు విప్పిన మనిషి ఆయన. ఎలా వేశాడన్నది మాత్రం ఆయనకు చెప్పలేదు.

శనివారం ఉదయం 7 గంటలు. విజయవాడలో సాయంత్రం 4.30. పనిముట్ల పెట్టెకు ఆనించిన ఫోన్లో నాన్న టీ తాగుతూ కనిపించారు. ఆయన వెనక బల్ల మీద పాత పేపర్లు ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి. ఎగిరిపోకుండా వాటి మీద ఎప్పటిలాగే ఆ ఇనుప రింగు.

"చక్రం చేత్తో తిప్పి, రెండో చెయ్యి స్ప్రింగు మీద పెట్టు."

పెట్టాడు. అరచేతిలో గరగర.

"సరే. నవంబర్లో లోపలికి ఎలా దించావురా?"

"ప్రెస్ లేదు నాన్నా. సుత్తితో..."

"బయటి రింగు మీద కొట్టావా, లోపలి రింగు మీదా?"

గుర్తులేదు అనబోయి ఆగాడు. "లోపలిది."

నాన్న గ్లాసు కింద పెట్టారు. "అయితే ప్రతి దెబ్బా గోళీల మీదుగానే పోయింది."

అసలు కిటుకంతా అక్కడే. రెండు రింగుల మధ్య రెండు వరసల గోళీలు, అదే బేరింగు. చక్రాన్ని మోసే లోహపు దిమ్మ, అంటే నకిల్‌లో బిగుతుగా కూర్చునేది బయటి రింగు. కాబట్టి ఒత్తిడి దాని మీదే పడాలి. తర్వాత చక్రాన్ని బిగించే హబ్బును లోపలికి దించేటప్పుడు లోపలి రింగుకు కింద దన్ను ఉండాలి. ఈ రెండూ తప్పితే ఆ బలమంతా గోళీలలోంచి దూరి, అవి దొర్లే దారిలో గుంటలు పడతాయి. గుంట పడ్డ బేరింగు ఆరోజే చావదు, మెల్లగా మూలుగుతుంది.

పని మొదలైంది. డెట్రాయిట్ నగరం అడుగున 1,000 అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఆ ఉప్పే బండి కింద ప్రతి బోల్టునూ తినేస్తుంది. 36 మిల్లీమీటర్ల యాక్సిల్ నట్టు కదల్లేదు. భార్య బ్రేకు మీద కాలేసి కూర్చుంది. అతను టామీకి పొడవాటి గొట్టం తొడిగి, ఒళ్లంతా వేలాడేశాడు. "టప్!" ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వదిలింది.

జాకీని నమ్మకుండా స్టాండ్లు పెట్టాడు. బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా క్యాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు వేలాడదీశాడు. నకిల్ బల్ల మీదికొచ్చింది. హబ్బు ఊడింది గానీ, లోపలి రింగులో సగం దాన్నే కరుచుకుని వచ్చింది. దాన్ని గ్రైండరుతో కోసి, ఉలితో పగలగొట్టేసరికి గంట గడిచింది.

"నాన్నా, ఇదిగో!" పదేళ్ల కూతురు ఫ్రీజర్లోంచి కొత్త బేరింగు తెచ్చింది. చలికి కాస్త ముడుచుకుంటే సులువుగా దిగుతుందని రాత్రే పెట్టారు. సంచికి మునక్కాడల ప్యాకెట్టు అంటుకుపోయి వచ్చింది.

వేడిచేసిన నకిల్ మీద బేరింగును ఆనించబోతూ ఆగాడు. ఒక ముఖం వెండిలా ఉంది, ఇంకోటి నల్లగా. కూతురి చేత పేపర్ క్లిప్పు తెప్పించాడు. అది నల్ల ముఖానికి అతుక్కుంది. అందులో అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఏబీఎస్ సెన్సారు చక్రం వేగాన్ని దాన్నిబట్టే లెక్కపెడుతుంది. ఆ ముఖం సెన్సారు వైపే ఉండాలి.

"మా బస్సుల్లో ఇవి లేవురా," అన్నారు నాన్న, కళ్లజోడు సవరించుకుని ఫోను దగ్గరికి వచ్చి.

ఈసారి సుత్తి జోలికి పోలేదు. స్పేర్ పార్టుల కొట్టులో డిపాజిట్ కట్టి తెచ్చిన మరల కడ్డీ, దాని రెండు చివర్లా కప్పులు. కప్పు అంచు బయటి రింగు మీదే కూర్చుందని నాన్నకు చూపించాకే పానా తిప్పాడు. చుట్టు చుట్టుకీ బేరింగు మౌనంగా లోపలికి జారింది.

చివరికి కొత్త నట్టు. చక్రం ఇంకా గాల్లో ఉండగానే బ్రేకు తొక్కించి టార్క్ రెంచ్‌తో బిగించాడు. రెండు ముక్కలుగా ఉండే లోపలి రింగును కలిపి పట్టేది ఆ నట్టే. అది బిగియకముందు బండి బరువు పడితే మళ్లీ గోళీల మీదే దెబ్బ.

ఒంటిగంటకు ఫ్రీవే మీద 65. ఏ రొదా లేదు.

ఇంటికొచ్చి పాత బేరింగును కోసి చూశాడు. నున్నగా మెరవాల్సిన దారిలో సమాన దూరంలో గుంటలు, చుట్టూ పెచ్చులూడిన ఉక్కు. గుంటకూ గుంటకూ మధ్య సరిగ్గా గోళీకీ గోళీకీ ఉన్నంత ఎడం. కాసేపు తటపటాయించి, ఫోను ముందు పెట్టాడు.

విజయవాడలో రాత్రి పదకొండున్నర. నాన్న ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి, పేపర్ల మీది ఇనుప రింగు తీశారు. పేపర్లు గది నిండా ఎగిరాయి. చిన్నప్పుడు హాల్లో దొర్లించుకుని ఆడిన రింగే. దాని అంచు ఒకచోట విరిగి ఉండడం అతనికి ఎప్పట్నుంచో తెలుసు, ఎందుకు విరిగిందో ఎన్నడూ అడగలేదు.

"డ్యూటీలో చేరిన రెండో నెల," అన్నారు నాన్న. "నేనూ సుత్తితోనే."

కాసేపాగి, పేపర్లు ఏరుకుంటూ అన్నారు.

"పారేయకు. బల్ల మీద పెట్టుకో, కాగితాలు ఎగరవు."