వ్యసన చికిత్సకులను చదివించినదెవరు?

పాఠకులారా, చిత్తూరు ప్రాంతంలో ఎవరికైనా మతి చలిస్తే పెద్దలు వేలూరు బస్సో, పలమనేరు మీదుగా బెంగళూరు బస్సో ఎక్కేవారు. ఆ రెండు ఊళ్లకే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా?

మానసిక వైద్యం తెలిసినవారిని తయారుచేసే సంస్థలు కావాలని భోర్ కమిటీ 1946లో సూచించింది. దాని ఫలితంగానే 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టినదీ ఆ ఏడే. మరుసటి సంవత్సరం బెంగళూరులో వైద్యులకు ఒక డిప్లొమా, మనోవిజ్ఞానం చదివినవారికి మరొక డిప్లొమా మొదలయ్యాయి. ఈ చికిత్స వైద్యుడొక్కడి పని కాదని ఆనాడే గుర్తించారన్నమాట. 1974లో ఆ సంస్థే నిమ్హాన్స్ అయింది. ఈలోగా 1957లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల బాగాయంలో మానసిక చికిత్సా కేంద్రం తెరిచి, రోగితోపాటు కుటుంబాన్నీ ఉండనిచ్చింది.

ఇక మన వైపు చూడండి. 1992లో పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మద్యమంతా నిషేధమయ్యాయి. 1997లో నిషేధం సడలింది. ఆ తల్లుల సాహసానికి నేను నమస్కరిస్తాను. అయితే చట్టం దుకాణాన్ని మూసింది గాని, దేహాన్ని ఎవరు చూడాలి? ఏళ్ల తరబడి తాగినవాడు హఠాత్తుగా మానితే ఒకటి రెండు రోజులలో చేతులు వణుకుతాయి, కొందరికి మూర్ఛ వస్తుంది. ఆపైన లేనివి కనబడి కలవరిస్తారు. దయ్యమని తాయెత్తు కట్టిస్తే ప్రాణమే పోవచ్చు. మందులిచ్చి గండం గట్టెక్కించడం వైద్యుడి వంతు. మళ్లీ సీసా ముట్టకుండా నెలల తరబడి తోడుండటానికి శిక్షణ పొందిన మనోవిజ్ఞాని, నర్సు, సామాజిక కార్యకర్త కావాలి.

వారి చదువుకు కేంద్రం పెద్దయెత్తున నిధులిచ్చినది 2009 తరువాతనే. మొదట ఎంపికైన 11 సంస్థలకు ఒక్కొక్కదానికి 30 కోట్ల రూపాయల వరకు కేటాయించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వంతు హైదరాబాదు ఎర్రగడ్డకు దక్కింది. 2014లో రాష్ట్రం విడిపోగా అది తెలంగాణలో ఉండిపోయింది. సీమవాసిగా నాకిది కొంచెం గుచ్చుకుంటుంది.

భృతి గురించి ఇంతగా ఎందుకంటారా? క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. అంటే రెండేళ్లు పగలంతా ఆసుపత్రిలోనే గడపవలసి వచ్చేది, వేరే ఉద్యోగం కుదిరేది కాదు. నిమ్హాన్స్ వంటిచోట భృతి ఇచ్చేవారు కనుక రైతుబిడ్డ కూడా చదవగలిగేది. మీ ఇంట ఎవరైనా ఎం.ఏ. సైకాలజీ చదువుతుంటే, పైకోర్సులో చేరకముందే దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, నెలనెలా భృతి ఉందా అని అడిగి తెలుసుకోమనండి.