గాజు పలక నుంచి ఉపగ్రహ చిత్రం దాకా: హిమానీనదాల చిత్రణలో బాలానగర్ స్థానం

ప్రవేశిక

హిమాలయాలకు, హైదరాబాదుకు మధ్య దూరం ఎక్కువ. అయినా హిమానీనదాల చిత్రాలు ఏళ్ల తరబడి చేరుతున్న చోటు ఒకటి కూకట్‌పల్లికి ఆనుకొని ఉన్న బాలానగర్‌లో ఉంది. అదే జాతీయ దూర సంవేదన కేంద్రం. యాత్రికుని కెమెరాతో మొదలైన హిమానీనద చిత్రణ ఈ కేంద్రం దాకా సాగిన క్రమాన్ని పరిశీలించడం, చిత్రం ఎప్పుడు చారిత్రక ఆధారమవుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

యాత్రికుల చిత్రాలు

1863లో భారతదేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ 1866 నాటికి మూడుసార్లు హిమాలయ యాత్ర చేశాడు. నాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరేలోపే చిత్రం తీసి, అక్కడికక్కడే కడగాలి. అందువల్ల చీకటి గుడారం, రసాయనాలు, గాజు పలకలు అన్నీ కూలీల వీపుల మీదనే కొండలెక్కాయి. చిత్రాల మీద మాత్రం బోర్న్ పేరే మిగిలింది. 1866లో అతడు సుమారు 18,600 అడుగుల ఎత్తున మణిరంగ్ కనుమ వద్ద చిత్రాలు తీశాడు. గంగోత్రి హిమానీనద ముఖాన్ని కూడా ఆ ఏడాదే చిత్రించాడు. 1909లో విటోరియో సెల్లా కారకోరంలోని బల్టోరో హిమానీనదాన్ని చిత్రించాడు.

వీరి దృష్టి ప్రధానంగా సౌందర్యం మీద ఉంది. 1935లో భూవిజ్ఞాన సర్వేకు చెందిన జె.బి. ఆడెన్ గంగోత్రి ముఖభాగాన్ని కొలిచి పటం గీశాడు. తరువాతి పరిశోధకులు హిమానీనదం ఎంత వెనక్కి తగ్గిందో చెప్పడానికి ఆ పటం ఒక ప్రమాణమైంది. తేదీ, స్థలం, కొలత తోడైనప్పుడే దృశ్యం ఆధారంగా మారుతుందనడానికి ఇది నిదర్శనం.

ఉపగ్రహ దృష్టి

1974లో హైదరాబాదులో జాతీయ దూర సంవేదన సంస్థ ఏర్పడింది. 1988 మార్చి 17న ఐఆర్‌ఎస్-1ఎ ప్రయోగంతో మన దేశానికి సొంత దూర సంవేదన ఉపగ్రహం సమకూరింది. 2008లో ఆ సంస్థ ఇస్రో కేంద్రమైంది. ఉపగ్రహం ఒకే ప్రదేశాన్ని నిర్ణీత వ్యవధిలో మళ్లీ మళ్లీ చూస్తుంది. యాత్రికునికి సాధ్యం కానిది ఈ పునరావృత్తే. రాడార్ ఉపగ్రహాలకు మేఘాలు కూడా అడ్డు కావు.

2023 అక్టోబరులో సిక్కింలోని దక్షిణ లోనాక్ హిమానీనద సరస్సు తెగింది. తీస్తా వరద చుంగ్‌థాంగ్ ఆనకట్టను కొట్టుకుపోయి ఎందరి ప్రాణాలనో బలిగొన్నది. ఈ కేంద్రం వెల్లడించిన చిత్రాల ప్రకారం సరస్సు విస్తీర్ణం సెప్టెంబరు 17న 162.7, 28న 167.4, అక్టోబరు 4న 60.4 హెక్టార్లు. నష్టం ఎంతో ఈ అంకెలు స్పష్టంగా చెప్పాయి. అయితే సరస్సు ఉత్తరపు గట్టు జారిపడబోతున్నదని విస్తీర్ణం ఒక్కటే ముందుగా చెప్పలేదు.

ముగింపు

పైనుంచి తీసిన చిత్రం విస్తీర్ణాన్ని చూపుతుంది. నేల మీద నిలబడి తీసిన చిత్రం గట్టు ఏటవాలును, పగుళ్లను చూపగలదు. కనుక తేదీ, స్థలం నమోదైన యాత్రికుల చిత్రాలకు నేటికీ విలువ ఉంది. ఆ వివరాలు లేని చిత్రం జ్ఞాపకంగానే మిగులుతుంది. ఈ రెండు రకాల చిత్రాలనూ జోడించి చదవడం, ఆ పఠనాన్ని లోయలో నివసించేవారికి సకాలంలో హెచ్చరికగా చేర్చడం నేటి అవసరం.