వేలంపాటలో మనం ఎక్కడున్నాం? (మన ఆస్తి – మన చరిత్ర: 7వ భాగం)



పోయిన ఆదివారం నా పాత విద్యార్థి ఒకతను ఫోన్ చేశాడు. చోడవరం కుర్రాడు, మన పేటలోనే పుట్టి పెరిగాడు, ఇప్పుడు విశాఖలో ఉద్యోగం. "సార్, మనూళ్ళో బ్యాంకు వేలంలో ఒక ఇల్లు వస్తంది. బయట రేటు కంటే బాగా తక్కువ. లోను పెట్టి తీసుకుని అద్దెకిచ్చేద్దామనుకుంటన్నాను. ఏటంటారు?"

"ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగాను.

"వాళ్ళే ఉన్నారు సార్. ఇల్లు తనఖా పెట్టి చెరకు తోలడానికి లారీ కొన్నాడు. కట్టలేకపోయాడు." కాసేపు ఆగి, "మనోళ్ళే సార్" అన్నాడు.

వేలం ఇల్లంటే ఏడుపు ఇల్లని వాళ్ళ నాన్న వద్దన్నాడట. అందుకే నన్ను అడిగాడు. నేను వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వేలంపాటకీ మనకీ రెండు వందల ఏళ్ళ సంబంధం ఉంది. అది చెప్పకుండా జవాబు చెప్పడం కుదరదు. అతనికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మొదట మనం వేలానికి పెట్టిన సరుకు. ఈ మాట కోపంతో అంటున్నది కాదు, చట్టంలో ఉన్నదే. ఈ దేశంలో బానిసత్వం మీద వచ్చిన చట్టం 1843 నాటి 5వ చట్టం. దాని మొదటి సెక్షన్ స్వేచ్ఛ గురించో గౌరవం గురించో మాట్లాడదు. కోర్టు డిక్రీ అమలు కోసం గానీ, శిస్తు బకాయి వసూలు కోసం గానీ, ఏ ప్రభుత్వ అధికారీ ఒక మనిషిని బానిస అనే పేరుతో అమ్మకూడదు అంటుంది. అంటే అమ్మేవాళ్ళు. మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న మలబారులో శిస్తు బకాయిల కింద బానిసల్ని అమ్మే పద్ధతిని ఆపమని 1819లో ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ అమ్ముడుపోయినవాళ్ళు పులయలు, చెరుమలు. పొలం మీద, పశువు మీద పాడినట్టే వాళ్ళ మీదా పాట పాడారు. మన వైపు పద్ధతి వేరు. ఇక్కడ సంతలో అమ్మే పని లేకుండా అప్పు పేరుతో పాలేరును తరతరాలు కట్టేశారు.

రెండో దశలో వేలానికి వచ్చింది భూమి. 1802లో శాశ్వత శిస్తు పద్ధతి మన జిల్లాకు వచ్చింది. జమీందారు ఏటా కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఖాయం చేశారు. కట్టకపోతే జమీను వేలం. చోడవరానికి పడమర నర్సీపట్నం వైపున్న గొలుగొండ జమీను 1837లో బకాయిల కింద అలాగే వేలానికి వచ్చింది, కొన్నది ప్రభుత్వమే. ఆ తర్వాత 1845 నుంచి 1848 దాకా అక్కడ ఫితూరీ నడిచింది. ఎవరి జమీను పోయింది, ఎవరు కొన్నారు అనేది చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. ఆ పొలాల్లో నాట్లు వేసినవాళ్ళ పేర్లు ఏ వేలం కాగితంలోనూ కనిపించవు. దొర మారాడు, పాలేరు మారలేదు.

మూడో దశలో మనం వేలం దగ్గరే ఉన్నాం, కానీ పాట పాడేవాళ్ళుగా కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ తీసి ఆర్డర్ 21, రూల్ 54 చదవండి. జప్తు సంగతి ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టి గానీ, అక్కడి ఆనవాయితీ ప్రకారం గానీ చాటించాలని ఉంది. ఊళ్ళో దండోరా వేసే పని ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు. షావుకారు డిక్రీ తెచ్చుకుంటాడు, అమీను కాగితం అంటిస్తాడు, మన తాత డప్పు కొడతాడు. పొలం పోయేది ఒక రైతుది, దక్కేది ఇంకొకడికి. ఊరంతటికీ వేలం కబురు చెప్పినవాడికి ఆ వేలంలో పాడటానికి రూపాయి లేదు.

నాలుగోది, ఎక్కువమంది గమనించనిది. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. పాత వడ్డీలు కొట్టేసి అప్పులు తగ్గించింది. అప్పటి ఆంధ్ర జిల్లాల రైతులకు అది పెద్ద ఊరట. అయితే ఆ చట్టం లెక్కలో వ్యవసాయదారుడు ఎవరు? భూమి మీద అమ్ముకోదగ్గ హక్కు ఉన్నవాడు. పొలంలో చెమటోడ్చేవాడు వ్యవసాయదారుడు కాడు, పొలం అమ్మగలిగేవాడే వ్యవసాయదారుడు. వేలంలో పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడికే రక్షణ. ఏమీ లేనివాడి అప్పు, అంటే పాలేరు అప్పు, మాఫీ కావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం, 1977లో మన రాష్ట్రంలో వ్యవసాయ కూలీలకూ చేతివృత్తులవాళ్ళకూ రుణ విమోచన చట్టం వచ్చాయి.

ఐదో దశలో మనకు భూమి వచ్చింది, డి-పట్టా. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 నాటి జీవో 1142 నుంచి ఆ పట్టాల్లో అమ్మకూడదన్న షరతు ఉంది. 1977 నాటి 9వ చట్టం ఆ షరతుకు బలం ఇచ్చింది. అసైన్డ్ భూమిని ఎవరు కొన్నా చెల్లదు, వెనక్కి ఇప్పించవచ్చు అంది. మన చేతిలో ఎకరమో అరెకరమో మిగిలి ఉందంటే ఆ చట్టం పుణ్యం కూడా ఉంది. కానీ అదే చట్టంలో 6వ సెక్షన్ ఉంది. ప్రభుత్వం దగ్గర, సహకార సంఘం దగ్గర, షెడ్యూల్డు బ్యాంకు దగ్గర తాకట్టులో ఉన్న అసైన్డ్ భూమికి ఈ చట్టం వర్తించదు. అప్పు పుట్టాలంటే ఆ తలుపు కావాలి, నిజమే. అయితే అప్పు లోపలికి వచ్చిన తలుపులోంచే భూమి బయటికి పోతుంది. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూముల్ని అమ్ముకోవచ్చన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది. మనకు హక్కు ఇవ్వాలా వద్దా అని వాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నా విద్యార్థి చూసిన ఇంటి దగ్గరికి వద్దాం. 2002లో సర్ఫేసీ చట్టం వచ్చింది. బ్యాంకు తన బాకీ కోసం సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ తెచ్చుకోనక్కర్లేదు. 60 రోజుల నోటీసు ఇచ్చి, కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుని తనే వేలం వేయొచ్చు. వ్యవసాయ భూమిని ఈ చట్టం నుంచి మినహాయించారు. ఇంటిని మినహాయించలేదు. కూలీ ఉంటున్న ఇంటిని మామూలు డిక్రీ కింద జప్తు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతుంది. ఆ ఇంటినే తనఖా పెడితే ఈ అప్పు విషయంలో ఆ రక్షణ ఉండదు.

ఇంకో తేడా చూడండి. పాత కోర్టు వేలంలో పాట ముగిశాక కూడా 60 రోజుల్లో బాకీ కట్టి, పాడుకున్నవాడికి పాట సొమ్ము మీద 5 శాతం ఇస్తే ఆస్తి వెనక్కి వచ్చేది. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది, కోర్టు వేలాలకు. సర్ఫేసీలో 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన వెలువడే లోపే కట్టాలి. ప్రకటన వచ్చిందంటే విడిపించుకునే హక్కు పోయినట్టేనని 2023లో సుప్రీంకోర్టు సెలిర్ – బఫ్నా మోటార్స్ కేసులో తేల్చి చెప్పింది. డప్పు కొట్టిన కాలంలో డప్పు మోగాక కూడా గడువుండేది. ఇప్పుడు పేపర్లో ప్రకటన పడిన పొద్దుటే గడువు అయిపోతుంది.

ఇల్లు చౌకగా ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. "ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే" అని అమ్ముతారు. లోపల మనుషులుంటే, పన్ను బకాయి ఉంటే, కేసు ఉంటే, చాలావరకు అది కొన్నవాడి నెత్తిన పడుతుంది. పాట దక్కిన రోజే, లేదా మర్నాటికి నాలుగో వంతు, ఖాయమయ్యాక 15 రోజుల్లో మిగతాది కట్టాలి. అంత డబ్బు అంత తొందరగా తేగలిగేవాళ్ళు కొద్దిమందే. పాడేవాళ్ళు తక్కువైతే పాట పెరగదు. ఆ తగ్గిన ధర ఎవరో ఇచ్చిన డిస్కౌంటు కాదు. లోపల ఉన్న కుటుంబం పోగొట్టుకున్న సొమ్ములో ఒక భాగం.

ఇదంతా విని అతను ఒక మాట అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. "సార్, విశాఖలో అద్దె ఇంటికి వెళ్తే కులం అడుగుతన్నారు. చోడవరం మెయిన్ రోడ్డు పక్కన సైటు అడిగితే ఉన్నది కాస్తా అమ్ముడైపోయిందన్నారు. ఈ వేలం ఒక్కటే నా పాన్ నంబరు అడిగింది గానీ నా కులం అడగలేదు."

దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు. మనల్ని సరుకు చేసిన వేలమే ఇవాళ మనల్ని కులం అడగని అమ్మకందారు అయింది. "పెట్టుబడి పెట్టకు, అది పాపం" అని చెప్పే హక్కు, తాతల నాటి మేడల్లో ఉన్నవాళ్ళకు లేదు. నాకూ లేదు. కానీ కులం అడగని ఆ వేలం, లోపల ఎవరున్నారని కూడా అడగదు. ఆ ప్రశ్న అడగాల్సింది మనం.

కాబట్టి అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పేపర్లో వచ్చే బ్యాంకు నోటీసులన్నీ ఒకటి కావు. డిమాండ్ నోటీసు, స్వాధీన నోటీసు, వేలం నోటీసు వేరువేరు. మొదటి రెండు దశల్లో ఇల్లు దక్కించుకునే దారి ఉంది. డిమాండ్ నోటీసుకు అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో విశాఖ రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టొచ్చు. వేలం జరిగిపోయినా, బాకీ, ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము ఇంటివాళ్ళకే ఇవ్వాలి. ఆ లెక్క రాతపూర్వకంగా అడగాలి. ఈ సంగతులు లారీ ఓనరుకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో మనవాళ్ళు ఇంతమంది డిగ్రీలు చదివాం, మనలో ఒక్కరం కూడా ఆ వీధికి వెళ్ళలేదు.

నా విద్యార్థి చూసింది వేలం నోటీసే. ఆ ఇంటివాళ్ళకు విడిపించుకునే గడువు దాటిపోయింది. కొనొద్దని నేను చెప్పలేదు. పాడే ముందు ఒకసారి ఆ గుమ్మం దగ్గరికి వెళ్ళి ఆయనతో మాట్లాడు, నువ్వెవరో చెప్పు, మిగులు సొమ్ము అడిగే అర్జీ నువ్వే రాసిపెట్టు అన్నాను. ఏం చేస్తాడో ఇంకా చెప్పలేదు.

మీరు మాత్రం రేపటి పేపర్లో మీ మండలం పేరున్న స్వాధీన నోటీసు కనిపిస్తే ఫోటో తీసుకుని ఆ వీధికి వెళ్ళండి. మన తాతలు డప్పు కొట్టి వేలం కబురు ఊరందరికీ చెప్పారు. గడువు ఉండగా ఇంటివాళ్ళకు చెప్పే పని మనది.

జై భీమ్.