సోనారికి అవతలి ఒడ్డున జరిగిన పరిశోధన: గ్రంథాలయాలకు, ఆరోగ్య విద్యకు అది చెప్పేదేమిటి?

జంషెడ్‌పూర్ నగరానికి పడమటి అంచున ఉంది సోనారి. విమానాశ్రయం, ఇళ్ల కాలనీలు దాటి వెళ్తే దోముహాని వస్తుంది. ఖర్కాయి నది సువర్ణరేఖలో కలిసే చోటు అది. ఇవతల ఒడ్డున ఉక్కు నగరం, దాని ఆస్పత్రులు, కళాశాలలు, వాటి గ్రంథాలయాలు. ఖర్కాయి దాటితే సరాయికేలా ఖర్సావాన్ జిల్లా. ఆ జిల్లా పల్లెల్లోను, పశ్చిమ సింగ్‌భూమ్‌లోను, ఒడిశాలోని కియోంఝర్‌లోను 2005 నుంచి 2008 దాకా జరిగిన ఒక అధ్యయనం ఆరోగ్య విద్య గురించి ప్రపంచం ఆలోచించే తీరును కొంత మార్చింది. అందులో గ్రంథాలయం లేదు, పుస్తకమూ లేదు. అయినా గ్రంథాలయ శాస్త్రం చదివేవాళ్లు, చెప్పేవాళ్లు దాన్ని తప్పక చూడాలి. ఎందుకో చెప్పాలంటే ముందు రెండు మాటల పుట్టుక చూడాలి.

ఒకే ఏడాది పుట్టిన రెండు మాటలు

'సమాచార అక్షరాస్యత' అనే మాటను 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ వాడారు. అక్కడి జాతీయ గ్రంథాలయ, సమాచార కమిషన్‌కు రాసిన నివేదికలో అది కనిపిస్తుంది. కావలసిన సమాచారాన్ని వెతికి పట్టుకుని పనికి వాడుకునే నేర్పు అని ఆయన ఉద్దేశం. సరిగ్గా అదే ఏడాది స్కాట్ సైమండ్స్ 'ఆరోగ్య అక్షరాస్యత' అన్న మాటను ప్రయోగించారు. మొదటిది గ్రంథాలయాల వాళ్ల చేతికి, రెండోది ప్రజారోగ్యం వాళ్ల చేతికి వెళ్లింది. చాలాకాలం ఒకరి పరిశోధన ఒకరు పెద్దగా చదవలేదు.

2000లో డాన్ నట్‌బీమ్ ఆరోగ్య అక్షరాస్యతను మూడు మెట్లుగా విడదీశారు. మందు చీటీ, కరపత్రం చదివి అర్థం చేసుకోవడం మొదటిది. డాక్టరుతో, నర్సుతో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి, అడిగి తెలుసుకుని, తమకు తగ్గట్టు మలుచుకోవడం రెండోది. విన్నదాన్ని ప్రశ్నించి, తమ పరిస్థితి ఎందుకిలా ఉందో తేల్చుకుని, దాన్ని మార్చడానికి నలుగురితో కలిసి కదలడం మూడోది. మన దగ్గర ఆరోగ్య ప్రచారం పేరుతో జరిగేది దాదాపు అంతా మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. గోడ మీద రాతలు, పోస్టర్లు, ఇప్పుడైతే వీడియోలు.

గ్రంథాలయ శాస్త్ర విభాగాల్లో వచ్చే పరిశోధన కూడా చాలావరకు అక్కడే తిరుగుతుంది. వైద్య విద్యార్థులు సమాచారం ఎలా వెతుకుతారు, ఈ-జర్నళ్లు ఎంతమంది వాడతారు, సేవలతో ఎంత తృప్తిగా ఉన్నారు అంటూ ప్రశ్నావళి ఇచ్చి, శాతాలు కట్టి, పట్టికలు వేస్తారు. ఇవి పనికిరావని కాదు. కానీ 'మీకు సమాచారం వెతకడం వచ్చా?' అని అడిగితే చాలామంది వచ్చనే చెబుతారు. ఆ సమాచారం వల్ల ఎవరి ఆరోగ్యమైనా బాగుపడిందా అన్నది ఆ పట్టికల్లో ఉండదు.

ఖర్కాయి అవతల ఏం చేశారు?

పశ్చిమ సింగ్‌భూమ్‌లోని చక్రధర్‌పూర్ కేంద్రంగా పనిచేసే సంస్థ ఏకజుట్. ప్రశాంత త్రిపాఠీ, నిర్మలా నాయర్ దాన్ని నడిపించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు తోడయ్యారు. మూడు జిల్లాల్లో 36 గ్రామ సముదాయాలను, అంటే సుమారు 2,28,000 జనాభాను ఎంచుకున్నారు. వాటిలో 18 సముదాయాల్లో మహిళా బృందాలు నడిపారు, 18 సముదాయాల్లో నడపలేదు. ఏది ఎటన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆరోగ్య సేవల గురించి మాట్లాడే కమిటీలను మాత్రం రెండు వైపులా పెట్టారు. కాబట్టి తేడా వస్తే అది బృందాల వల్ల వచ్చిందని చెప్పడానికి వీలుంటుంది.

బృందాన్ని నడిపేది స్థానిక మహిళే. నర్సు కాదు, టీచరూ కాదు. నెలకొకసారి సమావేశం, మొత్తం 20 సమావేశాలు. వచ్చేవాళ్లలో చాలామంది ఆదివాసీ స్త్రీలు, చదువు లేనివాళ్లు. అందుకే బొమ్మల కార్డులు, కథలు, ఆటలు. తల్లో బిడ్డో చనిపోయిన ఒక కథ చెప్పి 'ఎందుకు?' అని అడుగుతారు. జవాబు వస్తే దాని మీద మళ్లీ 'అది ఎందుకు?' అంటారు. అలా తవ్వుకుంటూ పోతే ఒక చావు వెనక ఉన్న మురికి చేతులు, దూరం, డబ్బు లేమి, ఇంట్లో మాట చెల్లకపోవడం ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఆ తర్వాత ఏ సమస్యను ముందు పట్టుకోవాలో స్త్రీలే తేల్చుకుంటారు, ఉపాయం ఆలోచిస్తారు, ఊరితో చెబుతారు, అమలు చేస్తారు, చివర్లో ఫలితం చూసుకుంటారు.

ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. బృందాలున్న చోట ప్రతి వెయ్యి సజీవ జననాలకు నవజాత శిశు మరణాలు మొదటి ఏడాది 55.6. రెండో ఏడాదికి 37.1, మూడో ఏడాదికి 36.3. బృందాలు లేని చోట అవే మూడేళ్లలో 53.4, 59.6, 64.3. మొదటి ఏడాది రెండు వైపులా దాదాపు ఒకటే. తేడా రెండో ఏడాది నుంచి వచ్చింది. ఇతర తేడాలను సరిచేసి లెక్కగడితే మూడేళ్ల మీద 32 శాతం, చివరి రెండేళ్లలో 45 శాతం తగ్గుదల. తల్లుల్లో కుంగుబాటు మొత్తం మీద తగ్గిందని చెప్పలేకపోయారు గానీ, మూడో ఏడాది ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తక్కువగా కనిపించింది.

నాకు ఇంకా ముఖ్యంగా తోచేది తగ్గుదల వెనక కారణం. స్త్రీలు ఆస్పత్రులకు ఎక్కువగా వెళ్లడం వల్ల వచ్చింది కాదది. ఆ విషయంలో రెండు వైపులా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇంట్లో జరిగే కాన్పుల్లో మంత్రసాని చేతులు కడుక్కోవడం, కింద శుభ్రమైన ప్లాస్టిక్ షీటు వేయడం, బొడ్డుకు కట్టే దారం మరగబెట్టడం, బిడ్డకు తల్లిపాలే పట్టడం పెరిగాయి. ఇవన్నీ ఏ కరపత్రంలోనైనా ఉండే సంగతులే. ఈ సమాచారం దొరకక చనిపోయిన బిడ్డలు కారు వాళ్లు. సమాచారం ఒక చోట, దాన్ని నలుగురూ కలిసి నమ్మి పాటించే వీలు ఇంకో చోట ఉండిపోయాయి. మేలు ఎక్కువ జరిగింది కూడా అందరికంటే వెనకబడిన కుటుంబాల్లోనే అని తర్వాతి విశ్లేషణలో తేలింది. సాధారణంగా ఆరోగ్య ప్రచారంలో లాభం ముందుగా చదువుకున్నవాళ్లకు పోతుంది. ఇక్కడ వరస తిరగబడింది.

ఇది అన్ని చోట్లా ఫలించే మంత్రమేమీ కాదు. నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లో 2004లోనే ఇలాంటి ఫలితం వచ్చింది. బంగ్లాదేశ్‌లో 2010లో వెలువడిన అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తగ్గుదల రాలేదు. ఝార్ఖండ్, ఒడిశాల్లో 468 మంది జనాభాకు ఒక బృందం ఉంటే, అక్కడ 1,414 మందికి ఒకటి. 2013లో ఏడు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు విషయం తేటపడింది: గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది బృందాలకు వచ్చిన చోట్ల నవజాత మరణాలు మూడో వంతు తగ్గాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫార్సు చేసింది. ఆశా కార్యకర్తలతో బృందాలు నడిపించిన మరో అధ్యయనం 2016లో వచ్చింది. అందులో మరణాలు వెయ్యికి 44 బదులు 30. తర్వాత ఝార్ఖండ్ ప్రభుత్వమే దీన్ని రాష్ట్రంలో విస్తరించింది. 2021లో వచ్చిన మదింపు ప్రకారం ఆ స్థాయిలోనూ మరణాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

మనకిది కొత్తా?

తెలుగు పాఠకులకు ఇక్కడ నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు రావాలి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడుల్లో సారా గురించిన ఒక కథ పాఠంగా ఉండేది. అక్షరాలు నేర్చుకోవడానికి వచ్చిన స్త్రీలు ఆ కథ మీద మాట్లాడుకుంటూ సారా దుకాణం దాకా వెళ్లారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. రెండోది రెండేళ్ల తర్వాత సడలిపోయిందన్నది వేరే కథ. నట్‌బీమ్ మూడో మెట్టు అని పేరు పెట్టడానికి చాలా ముందే మన వాళ్లు దాని మీద నిలబడ్డారు.

అంతకు ముందటి గ్రంథాలయోద్యమం సంగతీ ఇలాంటిదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినప్పుడు అయ్యంకి వెంకటరమణయ్య వంటివారికి గ్రంథాలయమంటే బీరువా కాదు, ఊరి సభాస్థలి. పాతూరి నాగభూషణం 1935లో కొల్లూరు ప్రాంతపు కాలువల మీద పడవలో పుస్తకాలు తిప్పారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయ ప్రచారాన్ని, వయోజన విద్యను జోడెడ్లలా నడిపారు. ఆచంట లక్ష్మీపతి అంటువ్యాధుల గురించి తెలుగులో రాశారు. స్వాతంత్ర్యం తర్వాత 1960 చట్టంతో గ్రంథాలయ పన్ను, జిల్లా సంస్థలు వచ్చాయి. భవనాలు నిలిచాయి గానీ సభ నెమ్మదిగా లేచిపోయింది. ఇప్పుడు శాఖా గ్రంథాలయంలో పొద్దున దినపత్రికలు, పగలంతా పోటీ పరీక్షల అభ్యర్థులు. ఝార్ఖండ్‌లోనే జామ్‌తాడా జిల్లా యంత్రాంగం 2020 నుంచి పాడుబడ్డ ప్రభుత్వ భవనాలను బాగుచేసి 118 పంచాయతీల్లోనూ గ్రంథాలయాలు పెట్టింది. మెచ్చుకోవలసిన పని. అక్కడా ముందుగా నిండింది పరీక్షలకు చదివే కుర్రవాళ్లతోనే.

నగరం ఒడ్డున భాష సమస్య

తిరిగి ఇవతలి ఒడ్డుకు వస్తే, జంషెడ్‌పూర్ తెలుగువాళ్ల పరిస్థితి వేరు. కర్మాగారంలో పనికి వచ్చి తరాలుగా స్థిరపడిన కుటుంబాలివి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర అసోసియేషన్ వాళ్ల కూడలి స్థలాలు. ఆస్పత్రికి దూరం సమస్య కాదు, చదువు లేకపోవడమూ పెద్ద సమస్య కాదు. ఝార్ఖండ్ 2011లో ద్వితీయ అధికార భాషలుగా గుర్తించిన 12 భాషల్లో హో, సంథాలీ, ముండారీ, ఒడియా, బెంగాలీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు. కాబట్టి ప్రభుత్వ ఆరోగ్య సమాచారం ఇక్కడ తెలుగులో రాదు. హిందీ, ఇంగ్లిష్ బడుల్లో చదివిన మనవలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. తెలుగు చదవగల అమ్మమ్మకు డిశ్చార్జి కాగితం మీది ఇంగ్లిష్ తెలియదు. తెలుగులో ఆమెకు చేరేది ఎక్కువగా వాట్సాప్‌లో తిరిగే చిట్కా వైద్యం. సి-డాక్ హైదరాబాద్ నడిపే వికాస్‌పీడియాలో తెలుగు ఆరోగ్య విభాగం ఉంది. అది ఉందని ఆమెకు ఎవరు చెప్పాలి? అందులోని మాటకూ ఫార్వర్డులోని మాటకూ తేడా ఎలా పోల్చుకోవాలో ఎవరు కూర్చోబెట్టి చూపాలి?

గ్రంథాలయ శాస్త్ర విద్యార్థికి ఇదే సరైన పరిశోధనాంశం. మధుమేహం, రక్తపోటు ఉన్న పెద్దవాళ్లను ఆలయ ప్రాంగణంలోనో సంఘం హాల్లోనో నెలకొకసారి కూర్చోబెట్టి, మనవలు ఇంగ్లిష్ కాగితం చదివి చెబుతుంటే వాళ్లు తెలుగులో ప్రశ్నలు వేసేలా ఏడాదిన్నర నడపవచ్చు. అలా నడవని ఇంకో పేటతో పోల్చి, మందులు క్రమంగా వేసుకుంటున్నారా, రక్తపోటు అదుపులో ఉందా అని కొలవవచ్చు. ప్రశ్నావళి కన్నా కష్టమే, ఖర్చూ ఎక్కువే. కానీ ఆంధ్ర, తెలంగాణల్లో ఊరూరా మహిళా పొదుపు సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు, చాలా చోట్ల గ్రంథాలయ భవనమూ ఉంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్నూ వసూలవుతూనే ఉంది. ఖర్కాయి అవతల బొమ్మల కార్డులతో మొదలుపెట్టినవాళ్లకు ఇందులో సగం కూడా లేదు.